దురుసు కస్టమర్ల ఎదుట మీ దుకాణం సిబ్బందికి అండగా నిలవడం ఎలా

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు రాత్రి ఎనిమిది గంటల వేళ, ఉదయం నుంచి చీరల సెక్షన్‌లో నిలబడే ఉన్న ఒక అమ్మాయి, ఒకే కుటుంబానికి నలభై చీరలు విప్పి చూపించిన తరువాత, "నీకు చూపించడం చేతకాకపోతే ఇంట్లో కూర్చో, మీ ఓనర్ని పిలువు" అనే మాట పదిమంది ఎదుట పడుతుంది. యజమాని గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, ఏం జరిగిందని అడగకుండానే, "ఏమ్మా, మేడమ్‌గారితో ఇలాగేనా మాట్లాడేది? ముందు సారీ చెప్పు" అంటారు. అమ్మాయి సారీ చెబుతుంది, చీర అమ్ముడవుతుంది, ఆ కుటుంబం సంచులతో మెట్లు దిగిపోతుంది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి పై అరలోని చీరలు దించడం మానేస్తుంది. అడిగినది చూపిస్తుంది, అడగనిది చూపించదు. పెళ్లికూతురి తల్లి మొహమాటపడుతూ నిలబడితే, ఒకప్పటిలా "ఇది మీ అమ్మాయి రంగుకు బాగుంటుందండీ" అంటూ తనంతట తానుగా ఒక చీర భుజాన వేసి చూపించదు.

నేను పదకొండేళ్లు బట్టల దుకాణాల్లో పనిచేశాను. మొదటి ఆరేళ్లు కౌంటర్ వెనుక, తరువాత ఫ్లోర్ ఇన్‌చార్జిగా. పైన చెప్పినలాంటి రాత్రులు కౌంటర్‌కు రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి ఒక విషయం నమ్మకంగా చెప్పగలను: పరాయి మనిషి అన్న మాటను సేల్స్ సిబ్బంది రెండు మూడు రోజుల్లో దాటుకుంటారు, కానీ తాము తలవంచుకుని నిలబడినప్పుడు తమ దుకాణం తమ పక్కన లేదన్న సంగతిని ఏళ్లు గడిచినా మరువరు. అందువల్ల ఈ వ్యాసం సేల్స్ సిబ్బందికి ఓపిక నేర్పడానికి రాసినది కాదు. వాళ్లకు ఆ ఓపిక ఇప్పటికే ఎక్కువగా ఉంది. మధ్యతరహా దుకాణం నడిపే యజమానులు, ఫ్లోర్ ఇన్‌చార్జిలు ఏ క్రమంలో ఏం చేయాలో చెప్పడానికి రాస్తున్నాను.

మొదట, దెబ్బ ఎక్కడ తగిలిందో గుర్తుపట్టండి

సిబ్బంది మనసు విరిగిన సంగతి ముఖాల్లో వెతికితే దొరకదు, ఎందుకంటే ముఖాన నవ్వు నిలుపుకోవడం కూడా వాళ్ల ఉద్యోగంలో భాగమే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ఇటువంటి పనిని భావోద్వేగ శ్రమ అన్నారు. ఆమె పరిశీలించినది ప్రధానంగా విమానాల్లో పనిచేసే సిబ్బందిని, కానీ ఆమె చెప్పినది మన చీరల కౌంటర్‌కూ వర్తిస్తుంది. లోపల అవమానం ఉడుకుతుండగా పైకి ప్రశాంతంగా కనిపించడానికి మనిషి వెచ్చించే శక్తి, గోదాము నుంచి చీరల కట్టలు మోసుకొచ్చే శక్తి లాగే ఖర్చవుతుంది; జీతం లెక్కలో మాత్రం రెండోది కనిపిస్తుంది, మొదటిది కనిపించదు.

కాబట్టి ముఖాలను వదిలి పనిని చూడండి. మునుపు విప్పిన చీరను అప్పటికప్పుడే మడతపెట్టే మనిషి ఇప్పుడు గుట్టగా వదిలేస్తున్నారా? ఒకరిద్దరు కస్టమర్లు మెట్లెక్కగానే కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరుగా స్టాక్ చూసే నెపంతో వెనక్కి తప్పుకుంటున్నారా? కొత్తగా చేరినవాళ్లు మొదటి జీతం తీసుకోగానే మానేస్తున్నారా? నాకు అన్నిటికన్నా బాధ కలిగించే గుర్తు ఇంకొకటి ఉంది. మాట పడిన మనిషి ఆ బరువును తనకన్నా బలహీనుల మీద దించుకుంటారు. కారు దిగి వచ్చిన ఆవిడ విసిరిన మాట, అరగంట తరువాత తువ్వాలు రేటు అడిగిన పల్లెటూరి పెద్దాయన మీద విసుగుగా పడుతుంది. ఆ పెద్దాయనకు మీ దుకాణం మర్యాదలేని దుకాణంగా గుర్తుండిపోతుంది, అసలు కారణం ఆయనకు ఎన్నటికీ తెలియదు.

ఒక నెలరోజుల పాటు ఫ్లోర్ మీద ఒక నోటుపుస్తకం ఉంచండి. కస్టమర్ గట్టిగా మాట్లాడిన ప్రతిసారీ ఏ వేళ, ఏ సెక్షన్, కోపానికి కారణం ఏమిటి, ఎవరు కల్పించుకున్నారు అన్న నాలుగు వివరాలు రాయించండి. కస్టమర్ పేరు అక్కర్లేదు. ఆ పుస్తకం ఆధారంగా ఎవరినీ తప్పుపట్టబోమని ముందే చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. మొదటి వారం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఒకరు రాసినందుకు వాళ్లకు కీడు జరగలేదని మిగిలినవాళ్లు చూశాకే అది నిండుతుంది.

మీ నియమాల వల్ల పుట్టే కోపాన్ని కౌంటర్ మీదికి పంపకండి

నెల తిరిగాక ఆ పుస్తకం చదివితే ఒక సంగతి బయటపడుతుంది. స్వభావం చేతనే దురుసుగా ఉండేవాళ్లు కొందరు ఉంటారు, నిజమే. మిగిలిన గొడవల్లో చాలావరకు బిల్లింగ్, వాపసు, చిల్లర, ఆల్టరేషన్ దగ్గర మొదలవుతాయి. అంటే యజమాని పెట్టిన నియమం మీద కస్టమర్‌కు వచ్చిన కోపాన్ని, ఆ నియమం మార్చే అధికారం ఏమాత్రం లేని అమ్మాయి భరిస్తోంది. ఇది అన్యాయం. దీన్ని సరిచేయడం మొత్తంగా మీ చేతిలోనే ఉంది కనుక ఇక్కడే మొదలుపెట్టండి.

బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేయించి ఉంటే, ముందు దాన్ని తీసివేయించండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజులలోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. చిరుగు ఉన్న చీర పట్టుకుని వచ్చిన మనిషికి ఆ అచ్చువాక్యం చూపించమని సిబ్బందికి చెప్పడమంటే, న్యాయం తన వైపున్న కస్టమర్ ఎదుట నిరాయుధంగా నిలబడమనడమే. లోపమున్న సరుకు ఎన్ని రోజుల్లో తేవచ్చు, లోపం లేకపోయినా రంగు నచ్చక మార్చుకోవాలంటే ఏం తీసుకురావాలి, ఫాల్ కుట్టించిన చీరనూ కత్తిరించిన బ్లౌజు గుడ్డనూ ఎందుకు మార్చలేము అన్న మూడు సంగతులు పెద్ద అక్షరాల తెలుగులో బిల్లింగ్ కౌంటర్ పైన పెట్టండి. ఆ తరువాత సిబ్బంది "మేము మార్చమండీ" అని తమ నోటితో కాదనవలసిన పని ఉండదు, బోర్డు చూపించవచ్చు.

సంచి సంగతీ ఇలాంటిదే. ముందుగా చెప్పకుండా, డబ్బు కట్టే వేళకు చేతిసంచి ధర బిల్లులో కలపడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు సూచించింది. అయినా ఎన్నో చోట్ల కంప్యూటర్‌లో నంబరు వేయనిదే బిల్లు ముందుకు కదలదు, "నా నంబరు నీకెందుకు?" అన్న అరుపు బిల్లింగ్ అమ్మాయి వింటుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారికి ఒక్క ఫోన్ చేసి, నంబరు లేకుండా బిల్లు వచ్చేలా మార్పించండి. చిల్లరకు బదులు చాక్లెట్లు ఇవ్వడం మానండి. ప్రతి ఉదయం బోణీకి ముందే చిన్న నోట్లు, నాణేలు గల్లాలో ఉండేలా చూడండి. ఆల్టరేషన్ తేదీ చెప్పేటప్పుడు టైలర్ ఒప్పుకున్న రోజుకు ఒక రోజు కలిపి రాయించండి, ఎందుకంటే ముహూర్తానికి ముందురోజు బ్లౌజు అందని తల్లి కోపం మామూలు కోపం కాదు, దాన్ని తప్పని అనలేము కూడా.

గొడవ మొదలైనప్పుడు మీరు నిలబడవలసిన తీరు

ఎంత జాగ్రత్తపడినా దురుసు మాట పడే రోజు వస్తుంది. అప్పుడు మీరు చేసే మొదటి ముప్పై క్షణాల పనిని ఆ అంతస్తులో ఉన్న సిబ్బంది అందరూ చూస్తుంటారు, చూడనట్టు చీరలు మడతపెడుతున్నా సరే. కాబట్టి ఆ క్షణాల్లో ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి.

గల్లా దగ్గర నుంచి కేక వేయకండి. నడిచి వెళ్లండి. కస్టమర్ పక్కన నిలబడి మీ మనిషికి ఎదురుగా ఉండకండి; కౌంటర్ లోపలికి వెళ్లి మీ మనిషి పక్కన నిలబడండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నేను ఫ్లోర్ ఇన్‌చార్జిగా నేర్చుకున్న వాటిలో ఇంతకన్నా పనికొచ్చినది ఇంకొకటి లేదు. మీరు ఎటు నిలబడ్డారో చూసి అవతలి మనిషి గొంతు తగ్గుతుంది, ఇవతలి మనిషి భుజాలు నిటారవుతాయి. అప్పుడు ముందుగా మాటను మీ మీదికి తీసుకోండి: "అమ్మా, నేను ఈ ఫ్లోర్ చూసుకుంటాను. ఏమైందో నాకు చెప్పండి." కస్టమర్ చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో అడ్డుపడకండి, మీ సిబ్బందిని అక్కడే సంజాయిషీ అడగకండి. విన్నాక సరుకు విషయాన్నీ మాట తీరునూ విడదీయండి. "చీర మార్చే సంగతి నేను చూస్తాను, ఐదు నిమిషాల్లో అవుతుంది. మా అమ్మాయిని మాత్రం అలా అనకండి, పొద్దున్నుంచి నిలబడే పనిచేస్తోంది" అని మెత్తగా, ఒకే ఒక్కసారి చెప్పండి. ఈ రెండో వాక్యం చెప్పడానికి చాలామంది యజమానులు భయపడతారు, గిరాకీ పోతుందని. నా అనుభవంలో ఆ మాటకు లేచి వెళ్లిపోయిన కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువసార్లు వెంట వచ్చిన చెల్లెలో కూతురో "పోనీలే అక్కా", "ఊరుకో అమ్మా" అని సర్దిచెబుతారు, ఆ తరువాత కొనుగోలు సాగుతుంది.

సిబ్బందిది నిజంగా తప్పయిన సందర్భాలు ఉంటాయి. రేటు తప్పు చెప్పి ఉండవచ్చు, పక్కవాళ్లతో మాట్లాడుతూ కస్టమర్‌ను నిలబెట్టి ఉండవచ్చు. అప్పుడు దుకాణం తరఫున క్షమాపణ మీరే చెప్పండి. "పొరపాటు మాదేనండీ" అన్న మాట మీ నోట రావాలి. తప్పు చేసిన మనిషితో సాయంత్రం, తలుపు వేసిన గదిలో, పని గురించి మాత్రమే మాట్లాడండి. జరిమానా పేరుతో జీతంలో కోత వేసే అలవాటు ఉంటే దాన్ని వదలండి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా జరిమానా వేయకూడదనీ, మొత్తం జరిమానా ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం మించకూడదనీ వేతనాల చట్టం చెబుతోంది; "కస్టమర్ కంప్లయింట్ ఇచ్చారు, రెండు రోజుల జీతం కట్" అనడం ఆ హద్దును సులువుగా దాటిపోతుంది.

సిబ్బందికి ఒక వాక్యం, ఒక సంకేతం ఇవ్వండి

మీరు ఎప్పుడూ ఫ్లోర్ మీద ఉండలేరు. అందుకని, దురుసుతనం హద్దు దాటినప్పుడు ఎవరి అనుమతీ లేకుండా వాడుకోగల ఒక వాక్యాన్ని సిబ్బంది అందరికీ ఇవ్వండి: "క్షమించండి, మా ఇన్‌చార్జిగారిని పిలుస్తాను, వారు మీకు చూపిస్తారు." అది చెప్పి కౌంటర్ నుంచి పక్కకు తప్పుకునే హక్కు వాళ్లకు ఉండాలి. దాన్ని వాడుకున్నందుకు ఇన్సెంటివ్‌లోనూ టార్గెట్‌లోనూ తేడా రాకూడదు. అమ్మకం పూర్తయితే అది మొదట చూపించిన మనిషి పేరు మీదే పడాలి. పక్క కౌంటర్‌లోని వాళ్లకు అర్థమయ్యే సంకేతం కూడా ఒకటి అనుకోండి. నేను పనిచేసిన ఒక దుకాణంలో "మంచినీళ్లు తెప్పించండి" అన్న మాటే సంకేతం: విన్నవాళ్లు ఇన్‌చార్జికి కబురు పంపేవారు, నీళ్లు కూడా నిజంగానే వచ్చేవి, ఎండలో పడి వచ్చిన కస్టమర్ కోపం ఆ నీళ్లతోనే చల్లారిన సందర్భాలు ఉన్నాయి.

సహించకూడనివి ఏమిటో స్పష్టంగా చెప్పండి

బేరమాడటం, విసుక్కోవడం, ఇంకా చూపించమనడం దురుసుతనం కావు, అవి వ్యాపారంలో భాగం. కానీ చీర అందుకునే వంకతో చేయి పట్టుకోవడం, ఒంటి గురించి మాట్లాడటం, పని అయిపోయాక బయట ఎదురుచూడటం, కులం పేరుతో తిట్టడం, కొట్టడానికి చేయెత్తడం నేరాల కిందికి వస్తాయి, వాటి దగ్గర సర్దుబాటు లేదని సిబ్బందికీ ఫ్లోర్ ఇన్‌చార్జికీ ఒకేలా తెలియాలి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, పని ప్రదేశానికి వచ్చే బయటివారి నుంచి కూడా రక్షణ కల్పించే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే దుకాణంలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. పోలీసులకు ఫిర్యాదు చేయాలని ఆ మహిళ కోరుకుంటే యజమాని సహాయపడాలి. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలు, సైగలు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కిందికి వస్తాయి. దళిత, గిరిజన ఉద్యోగులను నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. అత్యవసర సహాయానికి 112 నంబరు, మహిళల సహాయానికి 181 నంబరు విశ్రాంతి గదిలో రాసి పెట్టండి. ఆ రోజు సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే విడిగా భద్రపరచండి, ఎందుకంటే చాలా దుకాణాల్లో కొన్ని రోజుల తరువాత పాతవాటి మీద కొత్తవి ఎక్కుతాయి.

గొడవ ముగిశాక వెంటనే కౌంటర్‌కు పంపకండి

కస్టమర్ వెళ్లిపోగానే "సరే, పని చూసుకో" అనడం అన్ని చోట్లా జరిగే పొరపాటు. దక్షిణ కొరియా 2018లో చట్టం మార్చి, కస్టమర్ల దూషణకు గురైన ఉద్యోగికి పని నుంచి తాత్కాలిక విరామం గానీ వేరే పని గానీ ఇవ్వాలని యజమానులకు విధించింది. స్కాట్లాండ్‌లో 2021 ఆగస్టు నుంచి దుకాణ ఉద్యోగులను దూషించడం, బెదిరించడం ప్రత్యేక నేరం. మీకు అంత పెద్ద ఏర్పాటు అవసరం లేదు. ఆ మనిషికి పది పదిహేను నిమిషాలు, ఒక టీ, కూర్చునే చోటు ఇవ్వండి. విప్పి పడేసిన ఆ నలభై చీరలను మాత్రం ఇంకొకరి చేత మడతపెట్టించండి. తిట్టు పడిన చీరలనే తానే మళ్లీ మడతపెట్టడం ఎంత బరువుగా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. రాత్రి షట్టర్ దించేముందు మీరే వెళ్లి "ఇందాక జరిగినదాంట్లో నీ తప్పు లేదు" అని చెప్పండి, ఆ మాట నలుగురూ వినేలా చెప్పండి, ఎందుకంటే అవమానం జరిగినది నలుగురి ఎదుటే. వారాలు గడిచినా నిద్రపట్టక, పనికి రావాలంటే భయపడుతున్నవాళ్లు ఉంటే, 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ కింద తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చని చెప్పండి.

మీరు పిలిచే పిలుపును కస్టమర్లు వింటారు

యజమాని ఫ్లోర్ మీద "ఒరేయ్", "ఏమే", "ఆ పిల్లను పిలువు" అంటుంటే, పది నిమిషాలు అక్కడ కూర్చున్న కస్టమర్ కూడా అదే పిలుపు అందుకుంటారు. మన భాషలో మర్యాద అంతా నువ్వు, మీరు అన్న రెండు మాటల మధ్య ఉంది కనుక, దుకాణం తెరిచి ఉన్నంతసేపు కస్టమర్ల ఎదుట సిబ్బందిని పేరుకు గారు చేర్చి, మీరు అని పిలవడం అలవాటు చేసుకోండి. "లక్ష్మిగారూ, పై అరలో ఉన్న ఉప్పాడ చీరలు చూపించండి" అని మీరు అన్నప్పుడు, ఎదుట కూర్చున్న కస్టమర్‌కు లక్ష్మిని "ఏయ్" అనడానికి నోరు రాదు. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, తరువాత అలవాటైపోతుంది.

గల్లా వెనుక గోడ మీద గాంధీగారి బొమ్మ కింద, మన ప్రాంగణానికి వచ్చే అతిముఖ్యమైన అతిథి కస్టమరే అన్న వాక్యం ఉన్న బోర్డు ఉంటే దాని గురించి కూడా ఆలోచించండి. ఆ వాక్యానికి గాంధీ రచనల్లో ఆధారం దొరకలేదు. పనిచేసే మనిషి గౌరవం గురించి జీవితమంతా మాట్లాడిన వ్యక్తి పేరుతో, ఆ పనిచేసే మనిషినే తలవంచుకోమని చెప్పినట్టుగా అది చదువుకోబడుతోంది. తీసివేయడం ఇష్టం లేకపోతే పక్కనే ఇంకొక బోర్డు పెట్టండి: "మా సిబ్బందితో మర్యాదగా మాట్లాడండి. మీకు ఇబ్బంది కలిగితే ఇన్‌చార్జిని అడగండి."

దానితో పాటు ప్రతి కౌంటర్ వెనుక ఒక స్టూలు వేయించండి. కోళికోడ్‌లోని మిఠాయి తెరువు బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడాక కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో అదే పని చేసింది. మీరు స్టూలు వేయడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. పది గంటలు నిలబడి కాళ్లు వాచిన మనిషికి, మధ్యాహ్నం భోజనం నాలుగు గంటలకు దొరికిన మనిషికి, చిన్న మాట కూడా పెద్దగానే తగులుతుంది. పండగ సీజన్‌లో భోజన విరామాన్ని వంతులవారీగా కచ్చితంగా ఇస్తే, నోటుపుస్తకంలో సాయంత్రం వేళ గొడవలు తగ్గడం మీరే చూస్తారు.

చివరిగా ఒక సందర్భానికి సిద్ధంగా ఉండండి. దురుసుగా మాట్లాడిన ఆ కస్టమర్ తిరిగి వస్తారు, తరచుగా తరువాతి పండక్కే, ఏమీ జరగనట్టుగా. ఆమె మెట్లెక్కడం చూడగానే, ఆ రోజు మాట పడిన మనిషి దగ్గరికి మీరే వెళ్లి, "మీరు చూపిస్తారా, ఇంకొకరిని పంపమంటారా?" అని అడగండి. వద్దంటే కారణం అడగకుండా ఇంకొకరిని పంపండి. చూపిస్తానంటే, ఆ చీరలు చూపిస్తున్నంతసేపు మీరు ఆ సెక్షన్‌లోనే ఉండండి.